నొప్పి ఏం చేస్తోంది? ఉపశమన సేవల శిక్షణలో తెలుగు మాటల పాత్ర

హైదరాబాదులో ఒక ఇల్లు. మంచం పట్టిన ఎనభై ఏళ్ళ పెద్దావిడ. క్యాన్సర్ ఎముకలకు పాకింది. చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన అమ్మాయి పొద్దున్నే నోట్‌బుక్కు తెరిచి అడిగింది:

"నొప్పి ఉందా అమ్మమ్మా?"

"లేదు తల్లీ."

'పెయిన్' అన్న గడిలో సున్నా పడింది. కాసేపటికి దుప్పటి మారుస్తూ అదే అమ్మాయి మామూలుగా, "రాత్రంతా మేలుకునే ఉన్నారు, ఏమైంది?" అంది.

"ఏముందే, తుంటి నుంచి పాదం దాకా ఒకటే లాగుడు. మధ్యమధ్యలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. ఇంక నిద్రెక్కడ పడుతుంది?"

గడిలో సున్నా అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం డాక్టరుకు ఫోనులో వెళ్ళిన కబురు కూడా అదే: పెయిన్ లేదు సార్, నిద్ర పట్టట్లేదు. అవతలి నుంచి నిద్రమాత్ర పేరొకటి వచ్చింది.

ఇందులో అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరు. పెద్దావిడ లెక్కలో నొప్పి వేరు, లాగుడు వేరు. అమ్మాయి తనకు నేర్పిన ప్రశ్నే అడిగింది. డాక్టరు విన్నదానికి మందు చెప్పాడు. పొరపాటంతా ప్రశ్నలో ఉంది. ఉపశమన సేవల్లో, వృద్ధుల సేవల్లో పనిచేసేవాళ్ళకు మన దగ్గర ఇస్తున్న శిక్షణలో మందులున్నాయి, పుండ్లకు కట్టు కట్టడం ఉంది, ఫారాలు నింపడం ఉంది. తెలుగువాళ్ళు బాధను ఎలా చెప్పుకుంటారన్నది మాత్రం పాఠం కాలేదు. ఈ వ్యాసం సర్వే నివేదిక కాదు. నొప్పిని అంచనా కట్టడానికి వైద్యులు వాడే కొలబద్దలను ఒక పక్కా, ఇళ్ళలో వినపడే తెలుగును ఇంకో పక్కా పెట్టి చదివితే శిక్షణకు ఏం దొరుకుతుందో చూడటమే దీని పని.

పూర్వరంగం

చివరి దశలో ఉన్నవాళ్ళను చూసుకునే ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలు సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆస్పత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాతే డాక్టరు. లండన్‌లో ఆమె సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది 1967లో. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి చికాకులు, దేవుడి మీద అలక, అన్నీ కలిసిన 'సంపూర్ణ బాధ' అన్న ఆలోచన ఆమెది. రోగులు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, టేపుల్లో పట్టి, ఆ మాటల నుంచే ఆమె ఆ ఆలోచనకు వచ్చిందన్న సంగతి మనకిక్కడ ముఖ్యం.

మన దేశంలో మొదటి హాస్పిస్, ముంబైలోని శాంతి అవేదన ఆశ్రమం, 1986లో వచ్చింది. క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మెట్ల నిచ్చెన ప్రకటించిందీ ఆ ఏడే. నిచ్చెన పై మెట్టున మార్ఫిన్ ఉంది. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద మార్ఫిన్ నిల్వ పెట్టుకోవాలంటే ఆస్పత్రులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో శాఖ చుట్టూ తిరగాల్సి వచ్చేది. నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేసే దేశంలో సొంత రోగికి మార్ఫిన్ మాత్ర దొరకని పరిస్థితి 2014లో చట్టాన్ని సవరించేదాకా నడిచింది. ఆ తర్వాతా పూర్తిగా పోయిందనలేం. 1993లో కోళికోడ్‌లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఇంకో దారి చూపింది. ఆస్పత్రి గోడ దాటి, ఇరుగుపొరుగుకే తర్ఫీదు ఇచ్చి, ఇంటికెళ్ళి చూసే పద్ధతి అది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా చేసుకుంది. ఆ వాలంటీర్లు మలయాళంలో నేర్చుకుని మలయాళంలోనే పలకరిస్తారు. ఆ విజయానికి కారణాలు వెదికేవాళ్ళు ఈ సంగతిని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

తెలుగునాట ఈ పనికి పెద్ద దిక్కు హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలోని ఉపశమన విభాగం. తెలంగాణలో జిల్లాల్లో ఉపశమన కేంద్రాలు, ఇళ్ళకు వెళ్ళే 'ఆలన' బళ్ళు ఆ తర్వాత వచ్చాయి. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. ఆలనా పాలనా అంటే పసివాళ్ళకు చేసేది. పోయేవాళ్ళకూ అదే కావాలని ఒక్క మాటలో చెప్పేశారు. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో అందాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, ఉపశమన సేవలు చేరాయి. అంటే కాగితం మీద ఈ పని ఇప్పుడు ఏఎన్ఎందీ, ఆశా కార్యకర్తదీ కూడా. పట్నాల్లో ఇళ్ళకు వచ్చే ఆయాలు ఏ లెక్కలోకీ రారు. రోజుకు 12 గంటలు, కొన్నిచోట్ల 24 గంటలూ, మంచం పక్కన ఉండేది మాత్రం వాళ్ళే.

చేతికి నేర్పేది ఇప్పటి శిక్షణల్లో బాగానే ఉంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, వాసన కొట్టే పుండు మీద మెట్రోనిడజోల్ మాత్ర నూరి చల్లడం, మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందు కూడా మొదలుపెట్టడం, ఆయాసపడే మనిషి ముఖానికి గాలి తగిలేలా విసనకర్ర విసరడం. ఇవి ఒకసారి చేయించి చూపిస్తే వస్తాయి. చెవికి నేర్పేదే లేదు.

కొలత, క్రియ

శిక్షణలో మొట్టమొదట నేర్పే పరికరం సున్నా నుంచి పది దాకా ఉండే కొలబద్ద. "మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" బడికి వెళ్ళని ముసలామెకు ఇది అర్థం కాదని అందరికీ తెలుసు, అందుకని నవ్వే ముఖం, ఏడ్చే ముఖం బొమ్మలు చూపిస్తారు. ఎనభై దాటినవాళ్ళకు పదికన్నా పదహారు దగ్గర. 1957లో నయాపైసలు వచ్చేదాకా వాళ్ళ లెక్కంతా అణాల్లోనే సాగింది. "రూపాయిలో ఎన్నణాలు తగ్గిందే పిన్నీ?" అంటే "ఆరణాలు తగ్గింది, ఇంకా పదణాలుంది" అనగలరు. ఇలాంటి చిట్కాలు పనికొస్తాయి. అసలు చిక్కు అంకెల్లో లేదు.

తెలుగులో నొప్పిని 'ఎంత' అని అడగడం అరుదు. తెలుగు నొప్పి ఏదో ఒక పని చేస్తుంది. కాలు లాగుతుంది, పీకుతుంది. పుండు సలుపుతుంది. పన్ను పోటు పెడుతుంది. నడుం పట్టేస్తుంది, కలుక్కుమంటుంది. కడుపు మెలిపెడుతుంది, నులిమేస్తుంది. పిక్కలు తీపులు తీస్తాయి. తల పగిలిపోతుంది. తెలంగాణలో కాళ్ళు గుంజుతాయి, కడుపు నొస్తుంది. ఈ వాక్యాలన్నిట్లో కర్త ఆ అవయవమే, మనిషి కాదు. చెప్పేవాళ్ళు పక్కకు జరిగి తమ కాలు ఏం చేస్తోందో సాక్ష్యం చెబుతున్నట్టు ఉంటుంది. అలాంటి భాషలో "నొప్పి ఉందా?" అనే ప్రశ్నకు "లేదు" అన్న జవాబు రావడంలో వింతేముంది? "కాలు ఏం చేస్తోంది?" అని అడిగితే జవాబు దానంతటదే వస్తుంది.

మాటల్లో రోగనిర్ణయానికి పనికొచ్చే సమాచారం ఉంటుందన్నది కొత్త సంగతి కాదు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన మెగిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలు 78 ఉన్నాయి, 20 గుంపులుగా. వాటిని తెలుగులోకి దించుకోవడం కాదు మనం చేయాల్సింది. మన గుంపులు వేరు. సలుపు అన్న మాట వినగానే చీము పట్టిన గడ్డ గుర్తొస్తుంది. మెలిపెట్టడం పేగులది. తీపు కండరాలదీ కీళ్ళదీ, రోజంతా ఉండే మొండి బాధ. చిమచిమ, జివ్వు, జిల్లు, చురుక్కు అనే ధ్వనుల మాటలు ఎక్కువగా నరాల వైపు చూపిస్తాయి. నరాల నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటి మందులు తోడు కావాలి. పై ఇంట్లో పెద్దావిడ నోట వచ్చిన 'జిల్లు' డాక్టరు చెవిన పడి ఉంటే ఆ రోజు ఇంకో ప్రశ్న, బహుశా ఇంకో మందు వచ్చేది.

ఆ మాట డాక్టరు చెవిన పడనిది శిక్షణ వల్లే అంటాను. తర్ఫీదు పొందిన అమ్మాయి 'జిల్లుమంటోంది' అన్న మాటను డాక్టరు ముందు అనడానికి సిగ్గుపడుతుంది. 'పెయిన్' అంటేనే చదువుకున్నట్టు. పది రకాల బాధలు ఆ ఒక్క మాటలో పడి రూపు లేకుండా పోతాయి. పైగా మన ఆడవాళ్ళ వాడుకలో 'పెయిన్స్ వచ్చాయి' అంటే పురిటినొప్పులని!

తిమ్మిరి చిక్కు

నరాల నొప్పిని గుర్తుపట్టడానికి ఫ్రాన్సులో తయారైన డీఎన్4 ప్రశ్నావళి 2005లో వచ్చింది. పది అంశాలు, నాలుగుకు 'అవును' అంటే నరాల నొప్పి కావచ్చునని గట్టి అనుమానం. అడగాల్సిన ఏడింటిలో మంట, బాధపెట్టే చలి, కరెంటు షాకు, జలజల పాకడం, సూదులు గుచ్చినట్టుండటం, మొద్దుబారడం, దురద ఉన్నాయి. మిగతా మూడూ ముట్టుకుని చూసేవి.

తెలుగు మనిషి "తిమ్మిరి" అంటే ఏ గడిలో వేయాలి? కూర్చుని లేచిన కాలు తిమ్మిరెక్కినప్పుడు జలజలా ఉంటుంది, సూదులూ గుచ్చుకుంటాయి, స్పర్శా తెలియదు. మూడు గడుల అనుభవం మనకు ఒక్క మాట. ప్రశ్నావళిని అలాగే అనువదించి మూడుసార్లు అడిగితే రోగి మూడుసార్లూ అవునంటుంది, లెక్క అమాంతం పెరుగుతుంది. ఒకేసారి అడిగితే మార్కు ఒక్కటే పడి, నరాల నొప్పి ఉన్న మనిషికి లేదని తేలవచ్చు. రెండూ తప్పే. "తిమ్మిరి" అన్న చోట ఆగి, "గిల్లితే తెలుస్తోందా? చీమలు పాకినట్టుందా?" అని విడదీయడం నేర్పాలి. అనువాదకుడు చేసే పని కాదిది. మంచం పక్కన ఉండే మనిషి చేయాల్సింది.

మంటది ఇంకో రకం గొడవ. గుండెల్లో మంట పుల్లటి తేన్పులది, మూత్రంలో మంట ఇన్‌ఫెక్షనుది, అరికాళ్ళ మంట నరాలది. "ఒళ్ళు మండిపోతోంది" అంటే జ్వరం కావచ్చు, కోడలి మీద కోపం కావచ్చు. నవ్వులాటకు అనడం లేదు. కొడుకు ఫోను చేయలేదన్న బాధ, తుంటిలో బాధ రెండూ మనకు 'బాధ'లే. సాండర్స్ ఒక సిద్ధాంతంగా కట్టినదాన్ని తెలుగు ఒకే మాటలో దాచుకుంది. ఆ మాట వినపడినప్పుడు "ఒంట్లోనా అమ్మా, మనసులోనా?" అని అడిగే చనువు ఉండాలి. తెలంగాణ పల్లెలో "రంది పెట్టుకుంది" అన్నా, "పానం గాయిగాయి అయితుంది" అన్నా ఆశా కార్యకర్తకు వెంటనే తెలుస్తుంది. ఆమె ఫారంలో మాత్రం వాటికి చోటు లేదు.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక. మాటను బట్టి మందు రాసేయడానికి కాదు ఇదంతా. జిల్లాకు జిల్లాకు మాట మారుతుంది, మనిషికి మనిషికి కూడా. మాట దారి చూపిస్తుంది, పరీక్ష చేయాల్సింది డాక్టరే.

మాటే పోయినప్పుడు

మతిమరుపు ముదిరి మాట పోయినవాళ్ళ సంగతేమిటి? మాటలో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనానికి చేర్చిన వివరణలో ఉంది. ఇలాంటివారి కోసం 2003లో వచ్చిన పెయినాడ్ కొలత ఐదింటిని చూడమంటుంది: ఊపిరి, నోటి శబ్దాలు, ముఖం, ఒళ్ళు, ఊరడిస్తే ఊరుకోవడం. ఒక్కోదానికి రెండు మార్కుల చొప్పున మొత్తం పది. ఇక్కడ మన ఆయాలకు నేర్పాల్సింది తక్కువ, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ. ఊరికే మూలగడానికీ, పక్క మార్చేటప్పుడు మాత్రమే మూలగడానికీ తేడా వాళ్ళకు తెలుసు. "ఎడమ పక్కకు తిప్పితే ముడుచుకుపోతున్నారు, మంచం పట్టె గట్టిగా పట్టుకుంటున్నారు" అని చెబుతారు. అది అక్షరాలా ఆ కొలతలో నాలుగో అంశం. చెబుతున్నది ఒక అంచనా అని వాళ్ళకెవరూ చెప్పలేదు, అంతే.

ఏం చేయవచ్చు

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయ పదాలన్నీ ఊరూరా తిరిగి, రైతుల నోటి నుంచి ఏరి కూర్చినది. తర్వాత చేనేత వంటి వృత్తులకూ సంపుటాలు వచ్చాయి. నాగలిలో ప్రతి ముక్కకూ ఏ ఊళ్ళో ఏమంటారో రాసిపెట్టుకున్న జాతి, పిక్కలో బాధకు ఏ ఊళ్ళో ఏమంటారో రాసుకోలేదు. ఆ పద్ధతిలోనే ఒక బాధల పదకోశం కావాలి. సేకరణకు భాషాశాస్త్ర విద్యార్థినీ, ఆలన బండిలో వెళ్ళే నర్సునూ జంటగా పంపాలి. ఒక్కో మాటకూ ఎవరన్నారు, ఒంట్లో ఎక్కడ, ఏ వేళలో, ఏం చేస్తే తగ్గింది అన్న నాలుగు వివరాలు చాలు. శిక్షణ పుస్తకాలు దాన్నుంచి పుడితే బాగుంటాయి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. ఇంగ్లీషు పాఠం ముందు, దానికి తగిలించిన తెలుగు వెనక.

అప్పటిదాకా నోట్‌బుక్కులో ఒక్క గడి మారిస్తే చాలు. 'పెయిన్: ఉంది/లేదు' కొట్టేసి, 'ఏమన్నారు' అని పెట్టడం. పెద్దావిడ ఇంట్లో కొన్నాళ్ళకు అదే చేశాం. "ఎడమ తుంటి నుంచి లాగుడు, తెల్లారుజామున జిల్లు రెండుసార్లు, కాలి కింద దిండు పెడితే నయం" అని ఏడో తరగతి దాకా చదివిన ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో రాసింది. ఫోటో తీసి డాక్టరుకు వాట్సాప్‌లో పంపాం. ఆయన తమిళుడు, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మర్నాటి నుంచి ఆ పిల్ల రాసింది తనే చదివి, గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టింది. మూడో రోజున ఆయన తిరిగి అడిగాడు: జిల్లు అంటే మంట ఉంటుందా, ఉండదా?