ఆరిన చెమట, కారిన చెమట

చెమట గురించి తెలుగులో మాటలకు కొదవ లేదు. కష్టజీవి చెమటోడుస్తాడు. భయపడ్డవాడికి ముచ్చెమటలు పడతాయి. ఎండాకాలంలో పసిపిల్లల వీపు నిండా చెమటకాయలు లేస్తాయి. ఈ మూడింటి వెనుకా ఉన్నది ఒకే గ్రంథి. చర్మం అడుగున దారపు ఉండలా చుట్టుకొని ఉండే ఆ గ్రంథి నిర్మాణాన్ని మనిషి స్పష్టంగా చూసి ఇంకా రెండు వందల ఏళ్ళు నిండలేదు. చూసినవారి కథ యూరప్‌లో మొదలై, జపాన్ మీదుగా, తెలుగు కూలీలు పనిచేసే గల్ఫ్ ఎడారి దాకా వస్తుంది.

చర్మం ఒకే పొర కాదన్న సంగతి మన ప్రాచీనులకు తెలుసు. సుశ్రుత సంహితలోని శారీరస్థానం అవభాసిని మొదలు మాంసధర వరకు ఏడు పొరలను పేర్కొన్నది. ఒక్కొక్క దాని మందాన్ని వడ్లగింజతో పోల్చి కొలిచింది. అన్నిటికంటే పైనున్న అవభాసిని మందం వడ్లగింజలో పద్దెనిమిదో వంతు. చరక సంహిత ఆరు పొరలే చెప్పింది. చెమటను మోసే స్రోతస్సులకు మేదస్సు, రోమకూపాలు మూలమన్నది. కంటితో చూసి చేయగలిగిన ఊహలలో ఇది మేలైనదే. కాని అరచేతిలో వెంట్రుక మొలవదు, చెమట మాత్రం పడుతుంది. ఈ చిక్కు విడిపోవడానికి సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది.

1665లో ఇటలీ వైద్యుడు మార్చెల్లో మాల్పీగీ చర్మపు గట్టి పైపొర కింద మెత్తని జీవపొర ఒకటి ఉన్నదని వర్ణించాడు. నేటికీ ఆ పొరకు ఆయన పేరే ఉన్నది. 1684లో ఇంగ్లండులో నెహెమియా గ్రూ అరచేతి గీతల మీద బారులు తీరిన చెమట రంధ్రాలను బొమ్మ గీసి చూపాడు. ఆ రంధ్రాలు ఎక్కడికి దారి తీస్తాయో తేలడానికి మరో నూటయాభై ఏళ్ళు పట్టింది. 1833లో బ్రెస్లావ్ నగరంలో పుర్కిన్యే, ఆయన శిష్యుడు వెండ్ట్ మరమేకులా మెలికలు తిరుగుతూ పైకి వచ్చే గొట్టాన్ని చూశారు. చెమటకు వెంట్రుకతో సంబంధం లేని సొంత దారి ఉన్నదని తెలిసింది. తరువాత లండను చర్మవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ అరచేతిలో ఒక చదరపు అంగుళానికి 3,528 రంధ్రాలు లెక్కపెట్టాడు. ఒంట్లోని గొట్టాలన్నీ కలిపి సాగదీస్తే 28 మైళ్ళ పొడవుంటాయని అంచనా కట్టాడు.

ఇంత ఏర్పాటు దేనికి? పదిహేడవ శతాబ్దపు వైద్యుడు శాంటోరియో త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చొని ఏళ్ళ తరబడి తన బరువు తూచుకున్నాడు. కంటికి కనిపించకుండా ఒంటి నుంచి ఎంతో పోతున్నదని 1614లో ప్రకటించాడు. అది పోవడం వల్ల లాభమేమిటో 1775లో తేలింది. చార్లెస్ బ్లాగ్డెన్ బృందం నీరు మరిగే వేడిని మించిన గదిలో కొన్ని నిమిషాలు నిలిచి, ప్రాణాలతో బయటికి వచ్చింది. అదే గదిలో పెట్టిన కోడిగుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ఉడికింది. ఆ గాలి పొడిగా ఉన్నది కాబట్టి మనుషుల ఒంటి మీది చెమట పుట్టింది పుట్టినట్టే ఆవిరైంది. రహస్యమంతా అందులోనే ఉన్నది.

లెక్క సులభమే. ఒక లీటరు చెమట చర్మం మీదే ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటిని విడిచిపోతుంది. ఆ వేడి లోపలే నిలిచిపోతే డెబ్బై కిలోల మనిషి ఒంటి వేడి దాదాపు పది డిగ్రీలు పెరగాలి. అంత పెరిగితే ప్రాణం నిలవదు. అయితే ఆరిన చెమటకే ఈ లెక్క వర్తిస్తుంది. నేల మీదికి కారిన చెమట నీటినీ ఉప్పునూ తీసుకుపోతుంది, వేడిని మాత్రం ఒంట్లోనే వదిలిపోతుంది.

ఉప్పు పొదుపు కూడా ఆ గ్రంథి పనే. ఉండ భాగంలో చెమట రక్తరసమంత ఉప్పగా పుడుతుంది. గొట్టం వెంట పైకి వచ్చేటప్పుడు ఉప్పులో చాలా భాగాన్ని శరీరం వెనక్కి తీసుకుంటుంది. 1948లో న్యూయార్కులో వడగాలులు వీచినప్పుడు సొమ్మసిల్లిన పిల్లలలో సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బున్నవారు ఎక్కువగా కనిపించారు. వారి చెమటలో ఉప్పు అతిగా ఉంటుందని 1953లో డి శాంట్ ఆగ్నీస్ కనుగొన్నాడు. నేటికీ ఆ జబ్బును చెమట పరీక్షతోనే నిర్ధారిస్తారు.

ఈ విషయం మీద జీవితమంతా వెచ్చించినవాడు జపాన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యాస్ కునో. 1934లో ఆంగ్లంలో వెలువడిన ఆయన గ్రంథం, 1956లో వచ్చిన దాని విస్తృత రూపం చెమట గురించి చదవదలచినవారికి ఇప్పటికీ మొదటి మెట్టు. అరచేతులు, అరికాళ్ళు వేడికంటే మనసుకే ఎక్కువ స్పందిస్తాయని ఆయన చూపాడు. మన ముచ్చెమటలకు శాస్త్రీయమైన వివరణ అక్కడ దొరుకుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. గ్రంథులు పుట్టుకతోనే ఉన్నా, వాటిలో ఎన్ని పనిచేస్తాయన్నది తొలి రెండు రెండున్నర ఏళ్ళలోనే తేలిపోతుందని ఆయన పరిశీలన. జపాన్‌లో పెరిగినవారిలో పనిచేసే గ్రంథులు సుమారు 23 లక్షలు, ఫిలిప్పీన్స్ వాసులలో సుమారు 28 లక్షలు. ఉష్ణదేశంలో పుట్టి పెరిగిన జపనీయులలోనూ ఆ సంఖ్య ఎక్కువగానే కనిపించింది. పసితనంలో చూసిన ఎండలను చర్మం మరిచిపోదన్నమాట.

ఆ లెక్కన జగిత్యాల, నిజామాబాదు ఎండల్లో పెరిగినవాడు గల్ఫ్‌కు సిద్ధమైన చర్మంతోనే వస్తాడు. నలభై అయిదు డిగ్రీలు చూసినవాణ్ణి ముప్పై ఎనిమిది ఏం చేస్తుందన్న ధీమా కూడా వెంట తెచ్చుకుంటాడు. ఆ ధీమాలోనే ప్రమాదముంది. తెలంగాణ మే నెల ఎండ పొడి ఎండ. చొక్కా మీద తెల్లని ఉప్పుచారలు మిగిల్చి చెమట ఆరిపోతుంది. దోహాలో ఆగస్టు గాలి సముద్రపు తేమతో బరువెక్కి ఉంటుంది. మదీనత్ ఖలీఫా వీధుల్లో కాలువ తవ్వే కూలీ ఒంటి మీద చెమట ఆరదు, కారుతుంది. అతని గ్రంథులన్నీ నిండుగా పనిచేస్తూనే ఉంటాయి, ఒళ్ళు మాత్రం చల్లబడదు. కొత్తగా వచ్చినవారికీ, సెలవు గడిపి తిరిగి వచ్చినవారికీ తొలి వారం మరింత గండం. వేడికి అలవాటుపడి చెమట పెరగడానికి ఒకటి రెండు వారాలు కావాలి. కొన్నాళ్ళు దూరమైతే ఆ అలవాటు జారిపోతుంది.

తేమను లెక్కలోకి తీసుకోని ఉష్ణమాపకం ఈ ప్రమాదాన్ని చెప్పలేదు. అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరాలలో వడదెబ్బలను నివారించడానికి యాగ్లూ, మినార్డ్ 1957లో ఒక సూచికను వివరించారు. అందులో పది పాళ్ళలో ఏడు పాళ్ళు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకానివి, రెండు పాళ్ళు ఎండను పీల్చే నల్లని గోళానివి, ఒక్క పాలు మాత్రమే మామూలు ఉష్ణమాపకానిది. తడిగుడ్డ చుట్టుకున్న ఉష్ణమాపకమంటే చెమట పట్టిన మనిషికి ప్రతిరూపమే.

ఖతార్‌లో 2007 నాటి నిబంధన గడియారాన్ని చూసి పని ఆపమన్నది: జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు పదకొండున్నర నుంచి మూడు వరకు. 2021 నిబంధన ఆ గడువును జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు పెంచింది. దానికి తోడు, ఆ తడి సూచిక 32.1 డిగ్రీలు దాటితే వేళ ఏదైనా పని ఆపాలన్నది. సుశ్రుతుడి వడ్లగింజతో మొదలైన కొలత ఆ అంకెలో చట్టంగా మారింది.

చట్టం కాగితం మీద ఉంటుంది, సూచికను కొలిచే పరికరం మేస్త్రీ దగ్గర ఉండాలి. అది లేని చోట కూలీకి మిగిలే సాక్ష్యం తన చర్మమే. చెమట ఆరుతున్నంతసేపు నీళ్ళు తాగుతూ, నీడలో ఆగుతూ పని చేయవచ్చు. ఆరకుండా ధారలు కడుతున్నదంటే నీడకు చేరవలసిన వేళ వచ్చినట్టే. చెమట పడుతూనే ఉన్నా మాట తడబడితే, నడక తూలితే అది వడదెబ్బ. అప్పుడు క్షణం జాగు చేయకుండా ఒంటిని నీళ్ళతో తడిపి, గాలి విసరుతూ ఆసుపత్రికి చేర్చాలి. గ్రంథి చేయలేకపోయిన పనిని తోటిమనిషి చేతులు చేయాలి.