ఉత్తరాలలో వచ్చిన మృత్యువు: అమెరికా ఆంత్రాక్స్ కేసులో తేలని ప్రశ్నలు

పోస్ట్‌మాన్ తెచ్చే కవరును చూచి ఒక దేశమంతా భయపడిన రోజులు చరిత్రలో బహు తక్కువ. 2001 సంవత్సరం చివరి నెలల్లో అమెరికా ప్రజలు అటువంటి రోజులు చూచినారు. సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలిన వారం రోజులకే, ఎవరో కవర్లలో విషక్రిముల పొడి పెట్టి పోస్టులో వేసినారు. దానివల్ల 5 మంది చనిపోయారు, మరో 17 మంది జబ్బుపడి బతికి బయటపడ్డారు. ప్రభుత్వం 2010లో కేసు మూసివేసింది. కాని ప్రశ్నలు మాత్రం మూతపడలేదు. ఈ సంగతులు మనవాళ్లు, ముఖ్యంగా చదువుకునే పిల్లలు, తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ ఉత్తరాలు రాసినవాడు ఎవడైనా గాని, దాక్కున్నది మాత్రం మన పేరు వెనుక.

ఆంత్రాక్స్ అంటే ఏదో కొత్త రోగం కాదు. మన పల్లెల్లో పశువులకూ గొర్రెలకూ వచ్చే దొమ్మరోగమే అది. 1876లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ దీని క్రిమిని గుర్తించి, రోగానికి కారణం అదేనని రుజువు చేసినాడు. ఈ క్రిమి గట్టి గింజలాంటి రూపం తీసుకుని మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండగలదు. చర్మానికి తగిలితే నల్లటి పుండు పడుతుంది, మందు వాడితే నయమవుతుంది. ఊపిరితో లోపలికి పోతే మాత్రం ప్రాణానికే ముప్పు.

మొదటి విడత ఉత్తరాల మీద సెప్టెంబరు 18 నాటి ముద్ర ఉన్నది. అవి న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్ నుంచి పత్రికలకు, టెలివిజన్ సంస్థలకు పోయినవి. ఫ్లోరిడాలో ఒక పత్రిక ఫోటో ఎడిటర్ అక్టోబరు 5న మరణించాడు. రెండవ విడత మీద అక్టోబరు 9 ముద్ర. అవి టామ్ డాషల్, పాట్రిక్ లీహీ అనే ఇద్దరు సెనేటర్లకు రాసినవి. పంపినవారి అడ్రసు దగ్గర ఒక స్కూలు పేరు, నాలుగవ తరగతి అని రాసి ఉన్నది. విచారిస్తే అటువంటి స్కూలే లేదు!

ఇక్కడ పేదవాడి సంగతి ఒకటి చెప్పాలి. అక్టోబరు 15న డాషల్ ఆఫీసులో కవరు తెరిచారు. అక్కడివాళ్లకు ఆ రోజే మందులు ఇచ్చారు. కాని అదే కవరు దాటి వచ్చిన వాషింగ్టన్ బ్రెంట్‌వుడ్ పోస్టాఫీసులో పనిచేసేవాళ్లను మాత్రం, అతికించిన కవరులోంచి పొడి బయటికి రాదులే అని పనిలోనే ఉంచారు. అక్టోబరు 21న గాని ఆ పోస్టాఫీసు మూయలేదు. ఆ రోజు ఒక ఉద్యోగి, మరునాడు ఇంకొక ఉద్యోగి చనిపోయారు. ఉత్తరాలు వేరుచేసే యంత్రాల ఒత్తిడికి కవరులోని పొడి సందుల గుండా గాలిలో కలిసిందని తరువాత తెలిసింది.

ఇక తోహ్మత్ సంగతి. ఆ ఉత్తరాలలో అమెరికాకు చావు కోరుతూ, చివర అల్లాహ్ పేరు రాసి, పైన సెప్టెంబరు 11 తేదీ వేసినారు. ఇంకేముంది, అనుమానం ఎటు తిరిగిందో చెప్పనక్కరలేదు. నవంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రం చెస్టర్ పట్టణంలో, పాకిస్తాన్‌లో పుట్టిన నగర ఉద్యోగుల ఇళ్లను ఎఫ్.బి.ఐ. సోదా చేసింది. ఏమీ దొరకలేదు. మన హైదరాబాదు నుంచి వెళ్లిన ఇద్దరిని సెప్టెంబరు 12ననే టెక్సాస్‌లో రైల్లో పట్టుకుని నెలల తరబడి జైల్లో ఉంచారు. చివరికి క్రెడిట్ కార్డు మోసం రుజువైంది గాని, ఉగ్రవాదం రుజువు కాలేదు. తప్పు చేసినవాడికి ఆ తప్పుకు శిక్ష పడవలసిందే, చేయని తప్పుకు కాదు.

పత్రికలలో ఆ పొడి ఇరాక్‌దే అనే ప్రచారం కూడా సాగింది. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా చేతపట్టి ఈ ఉత్తరాలను గుర్తుచేసినాడు. మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. నిజానికి ఆ పొడిలోని క్రిమి ఏమ్స్ అనే జాతిది. దాన్ని మొదట 1981లో అమెరికాలోని టెక్సాస్‌లోనే చచ్చిన ఆవు నుంచి తీసినారు. ఆ జాతిని ఎక్కువగా వాడినవి అమెరికా వారి పరిశోధనశాలలే. అంటే దొంగను వెతకవలసింది ఇంట్లోనే అన్నమాట.

ఇంట్లో వెతికినా మొదట పట్టుకున్నది తప్పు మనిషినే. 2002లో స్టీవెన్ హాట్‌ఫిల్ అనే శాస్త్రవేత్త మీద అనుమానం ఉన్నదని సాక్షాత్తు అటార్నీ జనరల్ చెప్పినాడు. ఆయన ఉద్యోగం పోయింది, పేరు బద్నాం అయింది. 2008లో ప్రభుత్వం ఆయనకు సుమారు 58 లక్షల డాలర్లు పరిహారం ఒప్పుకుని, ఆయనకు ఏ సంబంధమూ లేదని ప్రకటించింది.

తరువాత వంతు బ్రూస్ ఐవిన్స్‌ది. మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్ సైనిక పరిశోధనశాలలో ఆంత్రాక్స్ టీకా మీద పనిచేసిన శాస్త్రవేత్త. వచ్చిన పొడిని పరీక్షించడంలో పోలీసులకు సాయం చేసినవాళ్లలో ఈయనా ఒకడు. ఛార్జిషీటు వేయబోతున్నారనగా మందుబిళ్లలు మింగి 2008 జూలై 29న చనిపోయాడు. ఎనిమిది రోజుల్లో, అంటే ఆగస్టు 6న, నేరస్తుడు ఈయన ఒక్కడే అని ప్రభుత్వం ప్రకటించింది. కోర్టు లేదు, గవాహి లేదు, జిరహ్ లేదు.

ప్రభుత్వం చూపిన ఆధారాలు తీసిపారేయదగినవి కావు. వెయ్యికి పైగా నమూనాలు పరీక్షిస్తే, ఐవిన్స్ సంరక్షణలో ఉన్న ఆర్.ఎం.ఆర్.-1029 అనే ఫ్లాస్కుతో పోలిక కుదిరిందన్నారు. ఉత్తరాలు పోస్టు చేసిన రోజులకు ముందు ఆయన రాత్రిళ్లు ఒంటరిగా ప్రయోగశాలలో గడిపాడన్నారు. ఆయన మనస్సు స్థిమితంగా లేదని కూడా చూపించారు.

అయినా మిగిలిన ప్రశ్నలు చూడండి.

ఒకటి: ఆ ఫ్లాస్కు అందుబాటులో ఉన్నవారు వందమందికి పైగానే. వారిలో ఈయనే అని ఎట్లా తేల్చారు?

రెండు: ఉత్తరాలు వేసినట్లు చెప్పే డబ్బా ప్రిన్స్‌టన్‌లో ఉన్నది. ఫోర్ట్ డెట్రిక్ నుంచి కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. ఆ రోజుల్లో ఐవిన్స్ అక్కడికి పోయినట్లు ఒక్క సాక్షి గాని, ఒక్క రసీదు గాని లేదు.

మూడు: ఆయన ఇంట్లో, కారులో వెతికితే ఆంత్రాక్స్ జాడ దొరకలేదు.

నాలుగు: న్యూయార్కులో ఒక ఆస్పత్రి ఉద్యోగిని, కనెక్టికట్‌లో 94 ఏళ్ల వృద్ధురాలు చనిపోయారు. వారి దగ్గర విషపు ఉత్తరమేదీ దొరకలేదు. వేరే ఉత్తరాలకు అంటిన పొడి కావచ్చునని ఊహ మాత్రమే.

అయిదు: ఆంత్రాక్స్ వార్త బయటపడక ముందే, అదే ఫోర్ట్ డెట్రిక్‌లో పూర్వం పనిచేసిన ఈజిప్టు సంతతి శాస్త్రవేత్త మీద, క్రిములతో దాడి చేస్తాడని పోలీసులకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. విచారించి ఆయన నిర్దోషి అని వదిలేశారు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు గాని, అది రాసినదెవరో నేటికీ తేలలేదు.

2011లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ సంఘం, కేవలం శాస్త్ర పరీక్షల ఆధారంగా పొడి ఎక్కడి నుంచి వచ్చిందో ఖచ్చితంగా తేల్చలేమని చెప్పింది. 2014లో ప్రభుత్వ జమాఖర్చుల తనిఖీ సంస్థ కూడా ఆ పరీక్షల పద్ధతిలో లోటుపాట్లు చూపింది. ఉత్తరం అందుకోవలసిన సెనేటర్ లీహీయే, ఐవిన్స్ చేసి ఉన్నా ఒక్కడే చేశాడంటే నమ్మనని 2008లో బహిరంగంగా అన్నాడు.

ఐవిన్స్ నిర్దోషి అని ఈ వ్యాసం చెప్పడం లేదు. దోషి కావచ్చు. మా క్లాసులో లెక్క జవాబు సరిగా వచ్చినా, మధ్య మెట్లు రాయకపోతే పూర్తి మార్కులు వేయము. చెప్పినవాడు పెద్దవాడైనా, చెప్పింది ప్రభుత్వమైనా అదే రూలు. ముస్లిం పేరు మీద అనుమానం వచ్చినప్పుడు రుజువు అడిగే మనం, హాట్‌ఫిల్ విషయంలోను, ఐవిన్స్ విషయంలోను కూడా అదే రుజువు అడగాలి. ఇన్సాఫ్ అంటే మనవాడికి ఒకటి, పరాయివాడికి ఒకటి కాదు గదా!

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. కాని దాని కోసం ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి. చనిపోయిన ఆ అయిదుగురికి, వారి పిల్లలకు ఇంకా జవాబు బాకీ ఉన్నది.