చారెడు సెట్టు, ఆమడల దూరం

దూరపు స్టేషన్లను వేటాడే సరదా ఉన్న విదేశీయులకు ఒకప్పుడు 4800 కిలోహెర్ట్జ్ అంటే హైదరాబాద్. యూరప్‌లోనూ జపాన్‌లోనూ రాత్రిళ్లు మేలుకొని 60 మీటర్ల బ్యాండులో ఆకాశవాణి హైదరాబాద్ షార్ట్‌వేవ్ ప్రసారాన్ని పట్టుకొని, విన్నది విన్నట్టు రాసి పంపేవారు. విన్నది నిజమేనని స్టేషన్ నుంచి జవాబుగా వచ్చే క్యూఎస్‌ఎల్ కార్డును ఆల్బమ్‌లో దాచుకునేవారు. అదే కాలంలో చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో చెవులు మరోవైపు తిరిగి ఉండేవి. ఇక్కడివాళ్లకు కావలసినవి కొలంబో, లండన్. అదీ కార్డుల కోసం కాదు, పాట కోసం, వార్త కోసం. ఆ స్టేషన్ పట్టేదాకా సెట్టు విప్పడం, తీగ చుట్టడం, కాయిల్ జరపడం పాతబస్తీలో సరదాకి ముందు అవసరంగానే మొదలైంది. ఆ విద్యకు బడి రేడియో మిస్త్రీ బల్లే.

అసలు హైదరాబాద్‌లో రేడియో పుట్టిందే ఒక ఔత్సాహికుడి చేతుల మీదుగా. 1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే తంతి తపాలా ఉద్యోగి చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు. 1935లో నిజాం ప్రభుత్వం ఆ స్టేషన్‌ను తన చేతుల్లోకి తీసుకుంది. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నిలబెట్టింది. 411 మీటర్ల మీద వినిపించే దక్కన్ రేడియోలో ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ కార్యక్రమాలూ ఉండేవి. నగరంలో సెట్టు కొన్నవాడికి ఈ స్టేషన్ వినడానికి పెద్ద ఏర్పాట్లేవీ అక్కర్లేదు. చిక్కంతా బయటి గొంతు వినాలనుకున్నప్పుడే. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం పోలీసు చర్య సాగిన అయిదు రోజులూ దక్కన్ రేడియో చెప్పేది ఒకటి, ఢిల్లీ చెప్పేది మరొకటి. రెండూ విని సరిచూసుకోవాలంటే ఏరియల్ బాగుండాల్సిందే. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా ఈ రేడియోలోనే మాట్లాడారు. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసిపోయింది.

అప్పటివన్నీ వాల్వు సెట్లు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జీఈసీ, జర్మనీ నుంచి వచ్చిన గ్రుండిగ్, టెలిఫంకెన్. వాటి వెనక ఏరియల్‌కు ఒక రంధ్రం, ఎర్త్‌కు ఒక రంధ్రం కంపెనీ వాళ్లే పెట్టి ఇచ్చేవారు. డాబా మీద రెండు వెదురు బొంగులు పాతి, వాటి మధ్య రాగి తీగ లాగి, కొసను కిటికీలోంచి లోపలికి దించితే ఏరియల్ తయారు. నల్లా గొట్టానికి చుట్టిన తీగే ఎర్త్. డాబా లేనివాళ్లు గదిలో ఈ గోడకూ ఆ గోడకూ మధ్య రాగి తీగలతో అల్లిన జాలీ పట్టీ వేలాడదీసేవారు. 

ఇంత హంగామాకు పెద్ద కారణం సినిమా పాట. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు మాయమయ్యాయి. ఆ ఖాళీలోకి రేడియో సిలోన్ వచ్చి కూర్చుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం కొలంబో దగ్గర ఎకలలో పెట్టిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం ముగిశాక 1949లో రేడియో సిలోన్‌కు దక్కింది. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా దాని మీదే దేశమంతా మోగింది. మీనాక్షి పొన్నుదొరై గొంతులో తెలుగు పాటలూ అక్కడి నుంచే వచ్చేవి. ఆకాశవాణి తేరుకొని 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టేసరికే జనం కొలంబోకు ముళ్లు తిప్పడం అలవాటు చేసుకున్నారు.

హైదరాబాద్‌కు కొలంబో 1,100 కిలోమీటర్లకు పైగా దూరం. షార్ట్‌వేవ్‌కు అది అడ్డంకి కాదు సరికదా, అనుకూలం. పైకి వెళ్లిన తరంగం అయనోస్ఫియర్‌కు తగిలి కిందికి వంగుతుంది, ఒక్క గెంతులో ఇంత దూరం దాటేస్తుంది. అయితే ఆ పొర పొద్దుకో రకంగా ఉంటుంది. పగలు 25 మీటర్ల మీద గంట కొట్టినట్టు వినిపించిన స్టేషన్ చీకటి పడ్డాక గరగరలో కలిసిపోవచ్చు. అప్పుడు 41 మీటర్లకు రావాలి. ఏ వేళకు ఏ బ్యాండు అన్న లెక్క పాతబస్తీలో పుస్తకాలు చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువ, రోజూ ముల్లు తిప్పి కనిపెట్టినవాళ్లే ఎక్కువ.

1960లలో ట్రాన్సిస్టర్ వచ్చింది. సెట్టు చేతిలోకి, చంకలోకి, సైకిల్ హ్యాండిల్ మీదికి చేరింది. కానీ వెనక ఉన్న ఆ రెండు రంధ్రాలు పోయాయి. మీడియంవేవ్‌కు లోపలి ఫెర్రైట్ కడ్డీ, షార్ట్‌వేవ్‌కు లాగితే సాగే ఏరియల్. అంతే. మందపాటి గోడల ఇళ్లలో, ఇరుకు గల్లీల్లో వాటికి చిక్కే సిగ్నల్ ఏపాటిది? చిన్న సెట్లను దూరానికి తయారుచేసే అసలు పని ఇక్కడే మొదలైంది.

మొదటి పని ట్యూనింగ్ సర్దడం. సిగ్నల్ జనరేటర్ లేని మిస్త్రీకి ఊరి స్టేషన్లే కొలబద్దలు. డయల్‌లో తక్కువ చివర 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ స్టేషన్ పెట్టుకొని, ఫెర్రైట్ కడ్డీ మీది కాయిల్‌ను అటూ ఇటూ జరిపి, శబ్దం గట్టిగా వచ్చిన చోట మైనం కరిగించి అతికేవాడు. ఎక్కువ చివర 1377 మీద వచ్చే రెండో స్టేషన్ పెట్టి, గ్యాంగ్ కండెన్సర్‌కున్న ట్రిమ్మర్‌ను సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పేవాడు. ఈ రెండు చివరలూ కుదిరితే మధ్యలో ఉన్నవన్నీ దారికొస్తాయి. అయితే వీటికన్నా ముందు 455 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఐఎఫ్‌టీ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్) డబ్బీల వంతు. పసుపు, తెలుపు, నలుపు రంగుల తలకాయలున్న వీటిని తెలియక తిప్పితే ఉన్న స్టేషన్లూ పోతాయి. 

రెండో పని బయటి ఏరియల్. ఫెర్రైట్ కడ్డీ మీద నాలుగు చుట్లు ఇనామెల్ తీగ చుట్టి, ఒక కొసను డాబా తీగకు, రెండోదాన్ని ఎర్త్‌కు కలిపితే రాత్రిపూట మీడియంవేవ్‌లో వేరే రాష్ట్రాల స్టేషన్లు లేచి వస్తాయి. షార్ట్‌వేవ్‌కైతే సాగే ఏరియల్ మొదలు దగ్గర చిన్న సిరామిక్ కండెన్సర్ అతికి, దాని ద్వారా డాబా తీగను కలపాలి. నేరుగా కలిపితే సెట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది, ఊరి స్టేషన్ డయల్ పొడుగునా పరుచుకుంటుంది. దానికీ విరుగుడుంది. ఒక కాయిల్‌నూ ఒక కండెన్సర్‌నూ సరిగ్గా 738కి సర్ది ఏరియల్ దారిలో పెడితే ఊరి స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతుంది.

మూడోది అన్నిటికన్నా నేర్పు కోరే పని. చవక సెట్లలో షార్ట్‌వేవ్ అంతా ఒకే బ్యాండులో కుక్కి ఉండేది. ముల్లు వెంట్రుకవాసి జరిగితే కొలంబో పోయి పెకింగ్ పలికేది. గ్యాంగ్‌కు వరసలో మరో కండెన్సర్ కలిపి ఆ పరిధిని కుదిస్తే, కావలసిన 25 మీటర్ల బ్యాండు డయల్ మీద విశాలంగా పరుచుకుంటుంది. ఇంత చేసినా ఒక మాయ మిగిలే ఉంటుంది. బలమైన స్టేషన్ తన అసలు చోటుకు 910 కిలోహెర్ట్జ్ కింద మళ్లీ వినిపిస్తుంది. 455కు రెట్టింపు అది. మిస్త్రీ దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు అదేదో కొత్త దేశమని సంబరపడేవారు.

సామాను నగరంలోనే దొరికేది. ఏసీ 128, బీఎఫ్ 194 వంటి ట్రాన్సిస్టర్లకు, కాయిళ్లకు కోఠిలోని గుజరాతీ గల్లీ. పాత సెట్ల గ్యాంగులకు, స్పీకర్లకు జుమేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతలు. సామాను ఎక్కడ కొన్నా, సెట్టు ఎవరిదైనా 1980ల దాకా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవాల్సిందే.

పాటల తర్వాత బలమైన ఆకర్షణ వార్తలు. 1940లో హిందుస్తానీ భాషలో మొదలైన బీబీసీ ప్రసారాలు తర్వాత హిందీ, ఉర్దూ శాఖలుగా విడిపోయాయి. పాతబస్తీ హోటళ్లలో ఉర్దూ బులెటిన్‌కు శ్రోతల కొరత లేదు. 1975లో ఎమర్జెన్సీ విధించి పత్రికల మీద సెన్సార్ పెట్టాక లండన్ మాటకు విలువ ఇంకా పెరిగింది. ఆ దశాబ్దంలోనే గల్ఫ్ వలస ఊపందుకుంది. సెలవుకు వచ్చినవాళ్ల పెట్టెల్లో నేషనల్ పానాసోనిక్, సోనీ, సాన్యో సెట్లు దిగాయి. మూడు నాలుగు షార్ట్‌వేవ్ బ్యాండులున్న ఆ సెట్లను చూశాక మిస్త్రీలకు తాము తీగలతో చేస్తున్నది జపాన్‌లో ఫ్యాక్టరీలో చేస్తారని తెలిసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ కొడుకులున్న ఇళ్లకు ఆ సెట్లే ఆధారం. దూరదర్శన్ తప్ప మరో చానెల్ లేని రోజులవి. 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చేదాకా షార్ట్‌వేవ్ బులెటిన్ల మీదే ప్రాణాలు పెట్టుకున్నారు.

వినడంతో ఆగక మాట్లాడాలనుకున్నవాళ్లకు నగరం మరో దారి చూపింది. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఆ సంస్థ బృందం అండమాన్ వెళ్లి, ప్రపంచ దేశాల హ్యామ్‌లతో, అంటే ఔత్సాహిక రేడియోవాళ్లతో, పలకరింపులు జరుపుతుండగానే 26న సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారం చేరవేసింది సరదా కోసం తీసుకెళ్లిన ఆ రేడియోలే.

ఇప్పుడు పాతబస్తీలో ఆ పని తెలిసిన చేతులు కొద్ది. పెళ్లి పత్రికల ప్రెస్సులకు పేరుపడ్డ ఛత్తా బజార్ ప్రాంతంలో, తండ్రి నుంచి కొడుకులకు వచ్చిన మహబూబ్ రేడియో సర్వీస్ వాల్వు సెట్ల వైద్యానికి ప్రసిద్ధి. పట్టుకోవడానికి గాలిలో ఉన్నవీ తగ్గాయి. 4800 మీద హైదరాబాద్ ఆగిపోయింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరితో ముగిసింది, 2022లో ఆపుతున్నట్టు ప్రకటించిన రేడియో సర్వీసుల జాబితాలో ఉర్దూ కూడా ఉంది. మిగిలిన స్టేషన్లకు ఎల్‌ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు చేసే రొద అడ్డు. పట్టు వదలనివాళ్లు వేలెడంత యూఎస్‌బీ రిసీవర్‌ను లాప్‌టాప్‌కు తగిలించి బ్యాండు మొత్తాన్ని తెరమీద చూస్తూ వెతుకుతున్నారు. డాబా మీది రాగి తీగ మాత్రం వాళ్లకూ కావాలి. పాత మర్ఫీ తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లలో కొందరు అడిగేది వేరు: చెక్క పెట్టె అలాగే ఉంచి, లోపల బ్లూటూత్ బోర్డు పెట్టమని. మిస్త్రీ ఆ పనీ చేసిపెడుతున్నాడు. తీసేసిన గ్యాంగ్, కాయిళ్లు మరో సెట్టుకు పనికొస్తాయని పక్కన డబ్బాలో వేసుకుంటున్నాడు.