ఈలకు జడిసిన ఏలికలు

క్రీ.పూ. 330లో ఏథెన్స్ న్యాయస్థానంలో వక్తలు డెమోస్తనీస్, ఎస్కినీస్ తలపడ్డారు. డెమోస్తనీస్‌కు బంగారు కిరీటం పెట్టాలన్న ప్రతిపాదన చట్టానికి విరుద్ధమంటూ ఎస్కినీస్ తెచ్చిన వ్యాజ్యమది. మాసిడోనియా పెత్తనం, నగరం అనుసరించిన రాజనీతి, ఇలా పెద్ద విషయాలే వాదనకు వచ్చాయి. వాటి నడుమ డెమోస్తనీస్ పాత కథ ఒకటి తవ్వితీశాడు. ఎస్కినీస్ ఒకప్పుడు నాటకాల్లో చిల్లర వేషాలు వేసేవాడట. అతడు ఆట చెడగొట్టుకున్నప్పుడు జనంలో కూర్చుని బుసకొట్టి ఈల వేసినవాణ్ని నేనేనని చెప్పుకున్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఎస్కినీస్‌కు అయిదో వంతు ఓట్లయినా పడలేదు. ఊరు విడిచిపోయాడు. ఎత్తిపొడుపు వల్లే ఓడాడని అనలేం గానీ, తీర్పు చెప్పడానికి కూర్చున్న వందలాది పౌరులు నాటకశాలలో అదే పని చేసేవాళ్లని డెమోస్తనీస్‌కు బాగా తెలుసు.

డయొనీసస్ ఉత్సవాల్లో నాటకాలు పోటీకి దిగేవి. నచ్చితే చప్పట్లు, నచ్చకపోతే బుసలు, ఈలలు, మడమలతో బల్లల మీద తన్నులు. (మన సినిమా హాల్లో ఈల మెచ్చుకోలు, అక్కడ అది శిక్ష.) బహుమతి ఇవ్వాల్సింది ఎంపికైన న్యాయనిర్ణేతలే అయినా, జనం గోలకు లొంగి తీర్పు చెప్పకూడదని ప్లేటో ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది. ఆ గోల నటులతోనే ఆగలేదు. మీడియస్ అనే ధనికుడు నాటకశాలలో అడుగుపెట్టగానే జనం ఈలలు వేశారని డెమోస్తనీస్ మరో ప్రసంగంలో రాశాడు. ఆ మనిషి చేసిన తప్పు వేదిక మీది తప్పు కాదు.

ప్లేటో భయమంతా ఇక్కడే. సంగీతం మంచిదో చెడ్డదో కేకలతో తేల్చడానికి అలవాటుపడ్డ జనం రేపు చట్టాన్నీ పెద్దలనూ లెక్కచేయరని ‘లాస్’ గ్రంథంలో వాదించాడు. ఆయన బాధలో కులీనుడి చిరాకు పాలే ఎక్కువ. అయినా గాలి ఎటు వీస్తోందో సరిగానే పసిగట్టాడు.

రోమ్‌లో ఆ ధోరణి బాహాటంగానే బయటపడింది. క్రీ.పూ. 59లో అపోలో ఉత్సవాల్లో డిఫిలస్ అనే నటుడు ఒక విషాద నాటకంలోని పంక్తిని పాంపేకు తగిలేలా పలికితే, జనం దాన్ని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. సీజర్ వస్తే చప్పట్లు చచ్చుగా పడ్డాయి. వెనకే వచ్చిన అతని విరోధి, యువకుడు క్యూరియోకు హోరెత్తాయి. గ్లాడియేటర్ల ప్రదర్శనలోనైతే నిర్వాహకుడికీ అతని వెంట ఉన్నవారికీ బుసలే మిగిలాయని సిసెరో తన మిత్రుడు ఆటికస్‌కు రాశాడు. క్యూరియో కోసం లేచి నిలబడిన అశ్విక వర్గం మీద పాలకులు కక్షగట్టారనీ, ధాన్యం చట్టానికే ఎసరు పెడతామని బెదిరిస్తున్నారనీ అదే ఉత్తరంలో ఉంది. కాసేపటి సందడికి ఇంత ఉలికిపాటు!

నీరో చక్రవర్తి ఇంకో దారి పట్టాడు. తాను పాడుతుంటే మెచ్చుకోవడానికి అయిదువేలకు పైగా యువకులను కూడగట్టి, చప్పట్లలో తరగతుల వారీగా తర్ఫీదు ఇప్పించాడని స్యుటోనియస్ రాశాడు. అలాంటి సభలో ఈల వేసే సాహసం ఎవరికి? నీరో గ్రీసు పర్యటనలో అతని పాట మధ్యలో లేచిపోవడమో కునుకు తీయడమో చేసిన వెస్పేసియన్‌కు కొలువులో ప్రవేశమే మూసుకుపోయింది. కొన్నేళ్లకు రోమ్ సింహాసనం ఎక్కింది ఆ వెస్పేసియనే.