తెలుగునాట కొయ్యపనిలో రక్షణపూతలు: చారిత్రక పరిశీలన

తెలుగునాట కొయ్యబొమ్మల చరిత్రను రూపం, ఇతివృత్తం ఆధారంగా వివరించడం పరిపాటి. కొయ్యను కాపాడే పూత అనుబంధ విషయంగానే మిగిలింది. నిజానికి ప్రాంతపు అడవి, వాతావరణం, వస్తువు వాడుక అనే మూడింటికీ పూత ఉమ్మడి సాక్ష్యం.

2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరిన నాయుడుపేట ఈ పరిశీలనకు అనువైన స్థానం. స్వర్ణముఖీ తీరంలోని ఈ పట్టణానికి ఆగ్నేయాన పులికాట్ సరస్సు ఉంది. పడమటి దారి శ్రీకాళహస్తి మీదుగా దారుశిల్పుల గ్రామమైన మాధవమాల వైపు సాగుతుంది. ఈశాన్య రుతుపవనాల తేమకు కొయ్య ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుపోతుంది. ఏ పూతా తేమను పూర్తిగా అడ్డుకోలేదు. దాని రాకపోకలను మందగింపజేస్తుంది.

శేషాచలం పరిసరాల కొండలకు పరిమితమైన ఎర్రచందనం చేవలోనే రంగు ఉంది. కనుక దాని సొగసును కప్పివేయని నూనె, మైనం, పారదర్శకమైన వార్నిష్ దానికి తగినవి. నూనెలన్నీ ఒకటి కావు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడుతుంది. కొబ్బరినూనె ఆరదు, అందుచేత మళ్లీ మళ్లీ పట్టించవలసివస్తుంది.

కొండపల్లిలో వాడే తెల్లపొణికి తేలికైన, మెత్తని, లేతరంగు కొయ్య. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఇక్కడ పూత కొయ్యను కప్పి రూపాన్ని పూర్తిచేస్తుంది. ఏటికొప్పాకలో తరిమెనపై తిరిగే అంకుడు కర్రకు లక్కకడ్డీని ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. రంగు, రక్షణ, మెరుపు ఒకే పనిలో సిద్ధిస్తాయి. పిల్లల ఆటవస్తువులకు తెలుగులో ‘లక్కపిడతలు’ అనే పేరు స్థిరపడడం పూతకున్న ప్రాధాన్యానికి భాషాపరమైన ఆధారం.

ఇరవయ్యో శతాబ్దంలో రసాయనిక రంగులు ఈ సంబంధాన్ని సడలించాయి. పిల్లలు నోట పెట్టుకునే వస్తువు విషయంలో ఇది అందానికి మాత్రమే సంబంధించిన మార్పు కాదు. ఏటికొప్పాకలో సహజవర్ణాల పునరుద్ధరణకు కృషిచేసిన చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

ఈ దృష్టితో చూస్తే, పాత బొమ్మను కొత్తగా కనిపింపజేయాలని గీకి ఎనామెల్ వేయడం సంరక్షణ కాదు, ఆధారాన్ని చెరిపివేయడమే. శిల్పం రూపంతోపాటు కొయ్య పేరు, పూత పదార్థం, పూసిన క్రమం, వృత్తికారుల పలుకుబడిలోని పదాలు నమోదైనప్పుడే తెలుగు దారుశిల్ప చరిత్ర సమగ్రమవుతుంది.