యుద్ధకాలపు నావికప్రకటనలు - సముద్రపటముల సవరణలు

నౌకాయానమునకు సంబంధించిన వ్రాతలలో నావికప్రకటన మిక్కిలి నిరాడంబరమైనది. ఒక రేవు ముఖమున ఇసుకతిన్నె జరిగినదనియో, ఒక దీపస్తంభపు వెలుగు రంగు మారినదనియో, ఒక బోయా చోటు తప్పినదనియో అది నాలుగు పంక్తులలో చెప్పి ఊరకుండును. దానిని చదివిన నౌకాధికారి తన సముద్రపటముపై ఆ మార్పును సిరాతో గుర్తించి, పటము అడుగున ఎడమ మూలను ప్రకటన సంఖ్యను, సంవత్సరమును వ్రాసికొనును. సవరింపని పటము లేని పటము కంటెను అపాయకరము. లేనిచో నావికుడు జాగరూకుడై యుండును, ఉన్నచో నమ్మును.

ఈ ప్రకటనల వెనుక ఒక ధర్మమున్నది. సముద్రమున అపాయమును కనుగొన్నవాడు దానిని తక్కినవారందరికి తెలుపవలెను. తెలుపబడువాడు స్వదేశీయుడా, పరదేశీయుడా, వర్తకమున పోటీదారుడా అను విచారణ ఇచట లేదు. శాంతికాలమున ఈ ధర్మమును పాటించుట సులభమే. యుద్ధము వచ్చినప్పుడు దాని గతి యేమగును? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఆ ప్రశ్ననే. యుద్ధకాలమున ప్రతి ప్రకటనకును ఇద్దరు చదువరులుందురు. ఒకడు ప్రాణము దక్కించుకొనగోరు నావికుడు. రెండవవాడు ఆ ప్రాణము తీయగోరు శత్రువు. మొదటివానికి చెప్పి రెండవవానికి చెప్పకుండుట యెట్లు అను చిక్కు ఇరువదవ శతాబ్దపు రెండు మహాయుద్ధములలోను ప్రభుత్వములను వేధించినది.

ఈ విషయముతో మన తీరమునకు గల సంబంధము పాతది. అలెగ్జాండర్ డాల్రింపుల్ అను నాతడు 1753లో ఈస్టిండియా కంపెనీ కొలువున లేఖకుడై చెన్నపట్టణమునకు వచ్చెను. పిదప ఆతడు 1779లో కంపెనీ సముద్రపటములకు అధికారియై, 1795లో బ్రిటిషు అడ్మిరల్టీ జలపటశాఖకు ప్రథమాధికారి ఆయెను. ఆ శాఖయే 1834 నుండి నావికప్రకటనలను వెలువరింప మొదలిడెను. కలకత్తాలో 1874లో ఏర్పడిన భారత సముద్రసర్వే శాఖ మన తీరముల పటములను సిద్ధపరచుచు వచ్చెను. ఇట్లు నూరేండ్ల పర్యంతము సాగిన శ్రమ యంతయు ఒక్క లక్ష్యమునకే: పటమున నున్నది సముద్రమున నుండవలెను, సముద్రమున నున్నది పటమున నుండవలెను. యుద్ధము ఈ రెంటి నడుమ బుద్ధిపూర్వకముగ ఎడము కల్పించును. దీపములను ఆర్పుదురు, బోయాలను తొలగింతురు, పటమున లోతైన నీరని గుర్తించిన చోట మైనులను, అనగా నీటిలో ముంచిపెట్టు మందుపాతరలను ఉంతురు.

ఇందువలని కీడు మొదట ప్రపంచమునకు స్ఫుటముగ తెలిసినది 1904-05లో జరిగిన రష్యా-జపాను యుద్ధమున. ఉభయ పక్షములవారును పోర్టు ఆర్థరు పరిసరములందు మైనులను విరివిగ వేసిరి. 1904 ఏప్రిల్ 13న రష్యా యుద్ధనౌక పెట్రోపావ్లోవ్స్క్ ఒక మైను తగిలి మునుగగా సేనాని మకారోవ్ మరణించెను. కాని యుద్ధము ముగిసినను మైనులు ముగియలేదు. వాని గొలుసులు తెగి, అలలపై కొట్టుకొనిపోయి, యుద్ధముతో నే సంబంధమును లేని వారిని చంపసాగెను. తమ ప్రజలలో అయిదారు వందలమంది ఇట్లు మడసిరని చీనా ప్రతినిధి 1907లో హేగ్ మహాసభయందు విన్నవించెను. యుద్ధముచేసినవారు రష్యనులు, జపానీయులు. ఆ పిదప చచ్చినవారు చీనా తీరపు జాలరులు, పడవవారు. వారి చేతికి నే ప్రకటనయు అందలేదు.

ఆ మహాసభ చేసిన ఎనిమిదవ ఒడంబడిక ఈ విషయమున ముఖ్యమైన శాసనము. లంగరు తెగిన మైను వెంటనే నిర్వీర్యము కావలెననియు, యుద్ధము ముగిసిన పిదప ఎవరి మైనులను వారు తీసివేయవలెననియు అది విధించెను. మైనులున్న ప్రదేశములను నౌకాయజమానులకు ప్రకటించి, ఇతర ప్రభుత్వములకును తెలుపవలెనని కూడ విధించెను. కాని ఆ విధికి ఒక మినహాయింపు గలదు: సైనికావసరములు అనుమతించిన వెంటనే తెలిపిన చాలును. ఆ అవసరమును నిర్ణయించువాడు మైనులు వేసినవాడే. చట్టమునకు తలుపు పెట్టి, తాళపుచెవి దొంగ చేతి కిచ్చినట్లయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ మినహాయింపు ఫలితములు త్వరలోనే కానవచ్చెను. యుద్ధారంభమైన మరునాడే, 1914 ఆగస్టు 5న, జర్మను నౌక కోనిగిన్ లూయిసె ఇంగ్లండు తూర్పుతీరమున మైనులు వేసెను. మరునాడు ఆంఫియన్ అను బ్రిటిషు క్రూయిజరు వానికి తగిలి మునిగెను. అక్టోబరు 2న బ్రిటిషువారు తాము వేసిన మైనుల సంగతిని ప్రకటించిరి. ఆ ప్రకటన తీరు గమనింపదగినది. ఉత్తర అక్షాంశము 51 డిగ్రీల 15 నిమిషములకును 51 డిగ్రీల 40 నిమిషములకును నడుమ, తూర్పు రేఖాంశము 1 డిగ్రీ 35 నిమిషములకును 3 డిగ్రీలకును నడుమ నౌకలు పోవుట అపాయకరమని అందు చెప్పబడెను. మైనులెచటనో చెప్పలేదు, అవి ఏ పెట్టెలో నున్నవో చెప్పిరి. నావికునకు ఇది చాలును, ఆతడు పెట్టె చుట్టు తిరిగి పోవును. శత్రువునకు చాలదు. ఇద్దరు చదువరుల చిక్కునకు కనుగొన్న ఉపాయములలో ఇది మొదటిది, మాకు తోచినంతవరకు న్యాయమునకు ఎక్కువ దగ్గరైనదియు ఇదియే. అయితే పెట్టె పెరుగుట ఆరంభించిన దానికి మితము లేదు. నవంబరు 3న అడ్మిరల్టీవారు ఉత్తరసముద్రమంతయు యుద్ధప్రదేశమని ప్రకటించిరి. ఒక సముద్రమునే అపాయకరమనుట హెచ్చరికయు అగును, శాసించుటయు అగును. తటస్థదేశపు నౌకలు బ్రిటిషువారు చూపిన దారిని పోక తప్పదయ్యెను.

హెచ్చరిక ఆలస్యమైనచో కలుగు నష్టమును ఆ అక్టోబరు మాసమే చూపినది. బెర్లిన్ అను జర్మను నౌక ఐర్లండు ఉత్తరతీరమున టోరీ ద్వీపము దాపున రహస్యముగ మైనులు వేసిపోయెను. 26వ తేదీన మాంచెస్టర్ కామర్స్ అను వర్తకనౌక వానికి తగిలి మునుగగా నౌకాధిపతితో సహా 14మంది మరణించిరి. ఆ వార్త నౌకాదళమునకు సకాలమున అందలేదు. 27వ తేదీ ఉదయమున ఆడేషియస్ అను నూతన మహాయుద్ధనౌక అదే మైనుల నడుమకు పోయి దెబ్బతిని, ఆ రాత్రి మునిగెను. సేనాధిపతి జెల్లికోకు వర్తకనౌక సంగతి తెలిసినది అటుపిమ్మట. ఒక సామాన్యమైన సరకుల ఓడ మరణవార్త ఒక్కరోజు ముందు చేరియున్నచో సామ్రాజ్యపు యుద్ధనౌక దక్కెడిది. ఇంతటితో ఆగక ప్రభుత్వమువారు ఆడేషియస్ నష్టమును యుద్ధము ముగియువరకు దాచిరి. ఒలింపిక్ అను ప్రయాణికుల నౌకలోనివారు అది మునుగుట కన్నులార చూచిరి, ఛాయాచిత్రములు కూడ తీసిరి. అయినను ప్రభుత్వము నోరు తెరచినది 1918 నవంబరు 14న.

ఇక బంగాళాఖాతమునకు వత్తము. 1914 సెప్టెంబరు 10న ఎండెన్ అను జర్మను క్రూయిజరు కలకత్తా మార్గమున ఇండస్ అను నౌకను పట్టి, ఆ పిదప వరుసగ వర్తకనౌకలను పట్టి ముంచసాగెను. దాని ఉనికి తీరమున నెవరికిని తెలియదు. ఎండెన్ ఆపి, తటస్థనౌక యని విడిచిన లొరెడానో అను ఇటలీ నౌక దారిలో ఎదురైన సిటీ ఆఫ్ రంగూన్‌కు ఈ సంగతి తెలిపెను. వార్త కలకత్తా చేరెను. బయలుదేరనున్న ఓడలు రేవుననే నిలిచెను. ఇదియే నావికప్రకటన ఆదిరూపము: చూచినవాడు ఎదురైనవానికి చెప్పుట. లొరెడానో అధిపతికి ఈ యుద్ధముతో నిమిత్తము లేదు. అపాయమును తెలిసినవాడు తెలుపవలెనను ప్రాతధర్మమే ఆతనిచేత మాటాడించినది. కాని ఆ వార్త వైర్లెస్‌లో ప్రాకగా ఎండెన్ కూడ దానిని వినెను, విని ఆ మార్గమును విడిచి తూర్పునకు తొలగెను. ఒక్క హెచ్చరిక కలకత్తా ఓడలను రక్షించినది, వేటగాని కొత్తచోటికి పంపినదియు అదియే.

ఇందుకు ఎదురైన ఉదాహరణము చెన్నపట్టణమున దొరకుచున్నది. సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ ఆ నగరమును సమీపించునప్పటికి హైకోర్టు భవనపు గోపురముపై 1894 నుండి వెలుగుచున్న దీపస్తంభము ఎప్పటివలెనే వెలుగుచుండెను. శాంతికాలపు పటము ఆ రాత్రి అక్షరాల సత్యమై యుండెను. ఆ సత్యమును శత్రువు వాడుకొనెను. దాదాపు 130 గుండ్లు పడినవి, నూనెతొట్లు తగులబడినవి. వారములకొలది ఆ మంటల కథ తీరమెల్ల ప్రాకినది. తమిళమున నేటికిని గట్టివానిని, టక్కరిని ఎండెన్ అనుట కలదు. దీపము నార్పియున్నచో? ఆ రాత్రి రేవు వెదకికొను మరియొక ఓడ ఒడ్డున కెక్కెడిదేమో. దీపము వెలిగించుటయు, ఆర్పుటయు రెండును యుద్ధకాలమున ఎవరికో ఒకరికి అపాయమే యగును.

1917లో ఈ మహాసముద్రమునకు వచ్చిన వుల్ఫ్ అను జర్మను నౌక విధానము వేరు. అది 1916 నవంబరు 30న కీల్ రేవు విడిచి, 451 దినములు సముద్రమున నుండి, 1918 ఫిబ్రవరి 24న తిరిగి కీల్ చేరెను. వర్తకనౌక వేషమున తిరుగుచు కేప్ తీరమున, కొలంబో ముందర, బొంబాయి ముందర రాత్రివేళ మైనులు వేసిపోయెను. ఫిబ్రవరి 17న కొలంబో దాపున వూస్టర్‌షైర్, 21న పెర్సియస్ మునిగెను. బొంబాయి మైనులకు జూన్ మాసమున సిటీ ఆఫ్ ఎక్సెటర్ దెబ్బతినగా, 23న మంగోలియా అను టపానౌక మునిగెను. పెట్టినది ఫిబ్రవరిలో, మనుష్యులు చచ్చినది జూన్‌లో. మైను పెట్టినవానికి హెచ్చరింప నిచ్చయు లేదు, అవసరమును లేదు. దెబ్బతిన్న ప్రభుత్వములు మాత్రమేమి చేసినవి? ఆస్ట్రేలియా తీరమున జూలైలో కంబర్లండ్ అను నౌక వుల్ఫ్ మైనుకే తగిలి దెబ్బతినగా, ఓడలోపల ద్రోహులుంచిన బాంబు పేలినదని మొదట తలచిరి. సముద్రమున నున్న అపాయమును ఓడలోని మనుష్యులపై వేసిరి. తప్పుగ చదువబడిన అపాయమును ఏ పటమును సవరింపజాలదు.

ఇట్లుండగా నిత్యవ్యవహారమునకు ప్రభుత్వములు కనుగొన్న ఉపాయము మూసినజాబు. ప్రతిదినము మైనులను ఏరివేసి, గుర్తులు నాటిన ఇరుకుదారులేవో నౌకాధిపతికి రేవుననే రహస్యముగ చెప్పిపంపుచుండిరి. బహిరంగప్రకటన స్థానమున ఎంపికచేసినవారి చేతి కిచ్చు కాగితము వచ్చెను. ఇందువలన పెద్ద ఓడలు బ్రదికెను. కాగితము అందనివారి మాట? చిన్న పడవలవారు, జాలరులు, దూరదేశమునుండి వచ్చుచు రేవు తగులనివారు, వీరే ఈ ఉపాయమునకు మూల్యము చెల్లించిరని మా అభిప్రాయము. ఓడ అడుగున బొగ్గు వేయు కళాసీకి అధిపతి జేబులోని జాబులో నేమున్నదో తెలియదు. ఆ జాబు తప్పైనచో మొదట నీరు చేరునది ఆతనియొద్దకే.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ సత్యము మన గడపకు వచ్చినది. 1942 ఏప్రిల్ మొదట కలకత్తా రేవుపై దాడి జరుగునను భయముచే అచటి వర్తకనౌకలను కాపు లేకయే సముద్రమునకు పంపివేసిరి. జపాను సేనాని ఒజావా దండు వానిని మన తీరమున పట్టుకొనెను. కొలది దినములలో ఇరువదికి పైగా నౌకలు మునిగెను. ఏప్రిల్ 6న అదే దండు విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. ఇచట లోపించినది అపాయజ్ఞానము కాదు. అపాయమెచట నున్నదను జ్ఞానము. రేవు అపాయకరము, పొండు అను ఆజ్ఞ సముద్రమున నున్న పెద్ద అపాయమునకు ఓడలను అప్పగించెను.

యుద్ధము ముగియగనే మూసినజాబులు మరల తెరువబడినవి. ఉత్తర యూరపు, మధ్యధరా జలములలో శోధించిన మార్గములను తెలుపు నెమెద్రి అను గ్రంథము సవరణలతో వెలువడుచు, ప్రతి ఓడకును అందుచుండెను. 1977లో అంతర్జాతీయ నౌకాసంస్థ ప్రపంచవ్యాప్త నౌకాయాన హెచ్చరికల వ్యవస్థను నెలకొల్పెను. సముద్రములను విభాగములుగ పంచి, ఒక్కొక్క విభాగమునకు ఒక దేశమును బాధ్యునిగ నిలిపిరి. ఎనిమిదవ విభాగపు బాధ్యత మన దేశమునది. డెహరాడూన్‌లోని జాతీయ జలసర్వేక్షణ కార్యాలయమునుండి ఆ హెచ్చరికలు వెలువడుచున్నవి. లొరెడానో అధిపతి దారిలో ఎదురైనవానికి చెప్పిన మాటయే నేడు ఆకాశమార్గమున సర్వులకు పోవుచున్నది.

పై విషయములను బట్టి మేమొక నిర్ణయమునకు వచ్చుచున్నాము. యుద్ధమున రహస్యము తప్పదనుట కొంతవరకు నిజము. మైనుల తావును శత్రువునకు చెప్పుమని యే ప్రభుత్వమును కోరలేము. కాని తావును దాచుట వేరు, అపాయమును దాచుట వేరు. 1914 అక్టోబరు 2 నాటి పెట్టె మొదటిది చేసి రెండవది చేయలేదు. ఆడేషియస్ విషయమున, కంబర్లండ్ విషయమున రెండవదియు జరిగెను. ఈ రెంటి నడుమ గీచిన గీతయే యుద్ధకాలపు నావికప్రకటనను ధర్మమనియో, అధర్మమనియో నిర్ణయించును. ఆ గీత ఏ సముద్రపటమునను ఉండదు. చీనా తీరపు జాలరి వలెనే దానికి ఈవల నిలిచి, తనకు చెప్పబడునో లేదో ఎరుగక వల విసరువాడు ఇంకను కలడు.