పెంచే ఇంటికి శిక్షణ: బ్రిటన్‌లో ఫోస్టర్ సంరక్షణ చరిత్ర

సొంత ఇంట్లో పెరిగే వీలులేని పిల్లలను మరో కుటుంబంలో ఉంచి ప్రభుత్వ ఖర్చుతో పెంచే పద్ధతి ఇంగ్లండులో పేదల చట్టం నీడలో ఎదిగింది. ఇది దత్తత కాదు. బిడ్డ మీద హక్కులు పెంచేవారికి దఖలు పడవు. ఆ బిడ్డ ఒకనాడు కన్నవారి దగ్గరికి వెళ్లిపోవచ్చు కూడా. 1870లో వెలువడిన ఉత్తర్వు అనాథలను, తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలను నిరుపేదలను ఉంచే వర్క్‌హౌస్‌కు దూరంగా ఉన్న పల్లెల్లో సైతం ఉంచడానికి అనుమతించింది. ఒక్కో బిడ్డకు వారానికి 4 షిల్లింగులకు మించి ఇవ్వరాదని హద్దు పెట్టింది. బాగోగులు కనిపెట్టే పని స్థానిక స్వచ్ఛంద కమిటీలకు అప్పగించింది. పెంచే ఇల్లాలికి ఏదైనా నేర్పాలన్న ఊహ ఆనాటికి ఎవరికీ లేదు.

1885లో ఈ పిల్లల కోసం ఇన్‌స్పెక్టరుగా నియమితురాలైన మేసన్ ఊరూరా తిరిగి తనిఖీని ఒక విద్యగా మలిచారు. పిల్లల బూట్లు, మేజోళ్లు విప్పించి పాదాలు చూసేవారు. అధికారి వస్తున్నారంటే ముఖం కడిగి నిలబెట్టడం ఎవరికైనా తేలికే. రోజూ స్నానం చేయిస్తున్నారో లేదో పాదాలే చెబుతాయి. ఎందరో పిల్లలకు ఆమె మేలు చేశారు. అయినా తనిఖీ తప్పును పట్టగలదే గాని, తప్పు జరగకుండా పెంచేవారికి దారి చూపలేదు.

ఆ తనిఖీ కూడా సడలిపోతే ఏమవుతుందో 1945 జనవరిలో దేశమంతటికీ తెలిసింది. న్యూపోర్ట్ పట్టణం నుంచి ష్రాప్‌షైర్‌లోని ఒక పొలం ఇంటికి పంపిన పన్నెండేళ్ల డెనిస్ ఓనీల్ దెబ్బలకు, ఆకలికి చనిపోయాడు. పెంచిన వ్యక్తికి నరహత్య నేరం కింద ఆరేళ్ల జైలు పడింది. బాలుడి బాధ్యత తమది కాదన్నట్టు రెండు స్థానిక ప్రభుత్వాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఊరుకున్నాయని సర్ వాల్టర్ మాంక్టన్ విచారణలో తేలింది. మరుసటి ఏడు మైరా కర్టిస్ కమిటీ నివేదిక, దాని వెంట 1948 బాలల చట్టం వచ్చాయి. ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ బాలల శాఖ ఏర్పడింది. కర్టిస్ కమిటీ శిక్షణ గురించి విడిగా ఒక మధ్యంతర నివేదికే ఇచ్చింది. అయితే ఆ శిక్షణ ఉద్యోగులకు, బాలల గృహాల్లో పనిచేసేవారికి. అప్పుడప్పుడు వచ్చి చూసిపోయే అధికారిణికి చదువు అందింది. అర్ధరాత్రి ఏడుస్తూ లేచిన బిడ్డను ఎత్తుకునే మనిషికి మాత్రం అందలేదు.

ఇందుకు కారణం లేకపోలేదు. 1955 నిబంధనల ప్రకారం పెంచేవారు బిడ్డను తమ సొంత బిడ్డలాగే పెంచుతామని సంతకం చేయాలి. సొంత బిడ్డను పెంచడానికి ఎవరైనా శిక్షణ తీసుకుంటారా అన్న తర్కం అందులోనే ఇమిడి ఉంది. ఆ తర్కం ఎంత బలహీనమో 1966లో రాయ్ పార్కర్ అధ్యయనం బయటపెట్టింది. దీర్ఘకాలం కోసం చేసిన ఏర్పాట్లలో దాదాపు సగం ఐదేళ్లలోపే చెదిరిపోయాయి. ఆ ఇంట్లో ఈడుకు ఈడైన సొంత బిడ్డ ఉంటే చెదిరే అవకాశం ఇంకా ఎక్కువని తేలింది. ప్రేమ కొరవడి ఇలా జరిగిందనలేం. ఇల్లు, అమ్మ, బడి అన్నీ ఒక్కసారే పోగొట్టుకుని వచ్చిన బిడ్డ ఎందుకు అబద్ధమాడుతుందో, ఎందుకు తిండి దాచుకుంటుందో పెంచేవారికి చెప్పినవారే లేరు.

దాదాపు ఆ కాలంలోనే జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు తల్లి ఆసుపత్రిలో ఉన్న చిన్నపిల్లలను తమ ఇంట్లో ఉంచుకుని, వారి తీరును ఫిల్మ్ తీశారు. బిడ్డ అలవాట్లు ముందే తెలుసుకోవడం, తల్లి ఫొటో చూపిస్తూ ఆమె గురించి మాట్లాడటం వంటి చిన్న పనులు ఎంత ఊరటనిస్తాయో ఆ చిత్రాల్లో కళ్లకు కడుతుంది. సిద్ధపడటం వల్ల ఒరిగేదేమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

1974లో జాతీయ ఫోస్టర్ కేర్ సంఘం ఏర్పడి పెంచేవారికి తమదంటూ ఒక గొంతు వచ్చింది. అసలు మలుపు 1975లో కెంట్ కౌంటీలో నాన్సీ హేజెల్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఎవరూ తీసుకోవడానికి సాహసించని టీనేజీ పిల్లలను కుటుంబాల్లో ఉంచడం దాని లక్ష్యం. బిడ్డ ఖర్చులకిచ్చే భత్యం వేరు, పెంచేవారి శ్రమకిచ్చే రుసుము వేరు అని అక్కడ స్పష్టంగా విడదీశారు. ఎవరు ఏం చేయాలో రాతపూర్వక ఒప్పందం ఉండేది. అన్నిటికన్నా విలువైనవి పెంచేవారి బృంద సమావేశాలు: అనుభవమున్నవారు కొత్తవారికి నేర్పేవారు, కష్టం వచ్చినవారు దాచుకోకుండా చెప్పుకునేవారు. శిక్షణ, తోడ్పాటు రెండూ ఒకే చోట కలిసిన సందర్భం అది.

అక్కడి నుంచి నడక వేగం పుంజుకుంది. ఇంగ్లండులో 2002లో కనీస ప్రమాణాలు, 2007లో జాతీయ కనీస భత్యం అమల్లోకి వచ్చాయి. ఫోస్టర్ కేర్ సంఘం ఫోస్టరింగ్ నెట్‌వర్క్‌గా పేరు మార్చుకుంది. పెంచాలనుకునేవారు ఆమోదం పొందకముందే హాజరయ్యే ‘స్కిల్స్ టు ఫోస్టర్’ కోర్సు దానిదే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో మొదలైన మాకింగ్‌బర్డ్ పద్ధతిని 2015లో ఆ సంస్థే బ్రిటన్‌కు తెచ్చింది. ఇందులో అనుభవమున్న ఒక కుటుంబం చుట్టూ ఆరు నుంచి పది కుటుంబాలు ఉంటాయి. పెంచేవారు అలసిపోతే పిల్లలు ఒక రాత్రి ఆ నడిమి ఇంట్లో పడుకుంటారు. ఈ కుటుంబాలన్నీ కలిసి భోంచేస్తాయి, పండుగలు చేసుకుంటాయి. కొత్తగా పెంచుతున్నవారు ఫోన్ చేసి ఏమైనా అడిగితే జవాబు చెప్పేది తానూ పిల్లలను పెంచిన మనిషే.